ఎన్ని తూటాలు సరిపోతాయి? – జిమ్ కార్బెట్ జీవితం



ఈసారి సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుడి జీవితం గురించి వ్రాయమని మన సంఘం పెద్దలు అడిగారు. జనరల్స్ గురించి, పరమవీరచక్ర పొందినవారి గురించి నాకంటే బాగా వ్రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఇంటర్మీడియట్ పాసై 1986లో ఫౌజులో చేరి, 28 ఏళ్ళు సర్వీసు చేసి సుబేదారుగా బయటికి వచ్చినవాణ్ణి. అందులో ఆరేళ్ళు రంగరూట్లకు వెపన్ ట్రైనింగ్ చెప్పాను. కాబట్టి నాకు తెలిసిన విషయం, అంటే రైఫిలు, తూటా, వాటిని పట్టుకునే మనిషి, ఈ మూడింటి గురించి వ్రాద్దామని అనుకున్నాను. అందుకు నేను ఎంచుకున్న మనిషి జిమ్ కార్బెట్.

ఆయనే ఎందుకు అంటే దానికి ఒక కారణం ఉంది. రిటైరయ్యాక చాలామంది మనవాళ్ళలాగే నేను కూడా లైసెన్సు తీసుకుని, 12 బోర్ తుపాకీ కొనుక్కుని, కొన్నాళ్ళు సెక్యూరిటీ గార్డుగా పనిచేశాను. మా ఊరు నల్లమల అడవికి దగ్గర. పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు ఇంటికి వచ్చాడు. వాడికి పాతికేళ్ళు, తుపాకీ ఏనాడూ పట్టినవాడు కాదు. స్నేహితులతో కలిసి రాత్రిపూట జీపులో దుప్పి వేటకు పోదామని అనుకుంటున్నామని, మామయ్యా నీ తుపాకీ శుభ్రం చేసి రెడీగా పెట్టు, మొదటిసారి వెళ్ళేవాడికి ఎన్ని తూటాలు సరిపోతాయో చెప్పు అని అడిగాడు. వాడి అత్తయ్య పక్కనే ఉంది. నేను వెంటనే కోప్పడలేదు. కూర్చోరా, ఒక మనిషి కథ చెబుతాను, అది విన్న తర్వాత ఎన్ని తూటాలు కావాలో నువ్వే చెప్పు అన్నాను. వాడికి చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

జిమ్ కార్బెట్ పూర్తి పేరు ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్. 1875 జూలై 25న నైనిటాల్‌లో పుట్టాడు. తండ్రి క్రిస్టఫర్ కార్బెట్ మొదట సైన్యంలో పనిచేసి, ఆ తర్వాత తపాలా శాఖలో చేరి నైనిటాల్ పోస్టుమాస్టరు అయ్యాడు. అంటే మన భాషలో చెప్పాలంటే ఎక్స్ సర్వీస్‌మన్ కొడుకన్నమాట. పెద్ద కుటుంబం, పిల్లలు ఎక్కువ, జీతం తక్కువ. జిమ్‌కి ఆరేళ్ళు నిండకముందే 1881లో తండ్రి పోయాడు. పెద్దన్న టామ్ పోస్టాఫీసు ఉద్యోగంలోకి వచ్చి ఇంటిభారం మోశాడు. తల్లి మేరీ జేన్ గట్టి మనిషి. ఎండాకాలం నైనిటాల్ కొండమీద, చలికాలం కింద కాలాఢుంగిలో ఉండేవారు. కాలాఢుంగి చుట్టూ అడవి. ఇంట్లో తెల్లవాళ్ళ ఇంగ్లీషు, బయట కుమావూ పిల్లల భాష. ఆ పిల్లాడు రెండింటిలోనూ పెరిగాడు.

మొదట ఉండేలుతో, తర్వాత విల్లుతో పిట్టల్ని కొట్టేవాడు. ఎనిమిదేళ్ళ వయసులో బంధువు ఒకాయన, స్టీఫెన్ డీజ్ అని, కుమావూ పక్షుల గురించి పుస్తకం తయారుచేస్తూ, తనకు పక్షుల నమూనాలు తెచ్చిపెట్టమని జిమ్‌కి ఒక పాత తుపాకీ ఇచ్చాడు. రెండు గొట్టాల నాటు రకం, మూతినుంచి మందు దట్టించి పేల్చేది. అందులో కుడి గొట్టం పగిలిపోయి ఉంది. ఎవరో అంతకుముందు మందు ఎక్కువ దట్టించి పగలగొట్టారు. కర్ర కూడా విరిగితే ఇత్తడి తీగ చుట్టి కట్టారు. మన ఆర్మరర్ దగ్గరికి అలాంటిది తీసుకెళ్తే పనికిరాదని అక్కడే పక్కన పడేస్తాడు. కానీ ఆ పిల్లాడికి అదే పెద్ద ఆస్తి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పగిలిన గొట్టం ఎప్పుడూ కళ్ళముందు ఉండేది. మందు ఎక్కువ పోస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కరలేదు. పైగా మందుకి, రవ్వలకి డబ్బులు లేవు. ఒక్కసారి పేలిస్తే ఇంటికి ఒక అడవికోడో నెమలో రావాలి. లేకపోతే ఆ మందు వృథా అయినట్టే. కాబట్టి దగ్గరికి వెళ్ళాలి, గాలి ఎటు వీస్తోందో చూడాలి, ఎండుటాకు మీద కాలు పడకుండా నడవాలి. చెప్పులు లేకుండా నడవడం అందుకే అలవాటైంది. మన రిక్రూట్లకు ఫీల్డ్ క్రాఫ్ట్ అని చెప్పేదంతా ఆయన తూటాలు లేక నేర్చుకున్నాడు.

అడవి నేర్పిన గురువు మరొకరున్నారు. చాందినీ చౌక్ అనే ఊరి పెద్ద కున్వర్ సింగ్. జాతికి ఠాకూర్, పనికి దొంగవేటగాడు. తుపాకీ చేతికొచ్చిన పిల్లాణ్ణి అడవిలోకి తీసుకెళ్ళి ఆయన మొట్టమొదట నేర్పింది గురిచూడడం కాదు, చెట్టెక్కడం. తుపాకీ ఉంటే సరిపోదు, తుపాకీ పనిచేయనప్పుడు ఏం చేస్తావో ముందు చెప్పు అన్నది ఆయన పాఠం. మన ట్రైనింగులో కూడా స్టాపేజ్ డ్రిల్ ఎందుకు అన్నిసార్లు చేయిస్తామో ఆలోచించండి. అదీ ఇదీ ఒకటే.

పదేళ్ళకి జిమ్ నైనిటాల్ వాలంటీర్ రైఫిల్స్ వారి స్కూలు క్యాడెట్ కంపెనీలో చేరాడు. మన ఎన్.సి.సి. లాంటిదే. అక్కడి రైఫిలు .450 మార్టినీ హెన్రీ. కింద లివరు ఉంటుంది, దాన్ని కిందికి లాగితే వెనుకభాగం తెరుచుకుంటుంది, చేత్తో ఒక తూటా పెట్టాలి, లివరు పైకి నొక్కాలి, పేల్చాలి. మ్యాగజైన్ లేదు. ఒకసారికి ఒకటే. నల్లమందు కాబట్టి పేలగానే పొగ కమ్ముకుని ముందున్నది కనపడదు. తన్ను కూడా గట్టిగా తంతుంది. పదేళ్ళ బక్కపిల్లాడి భుజం ఏమై ఉంటుందో మీరే ఊహించుకోండి. అయినా ఒకరోజు పెద్ద అధికారులు చూడటానికి వచ్చినప్పుడు ఆ పిల్లాడు బాగా కాల్చాడు. దాంతో ఒక మార్టినీ రైఫిలుని ఇంటికి తీసుకెళ్ళి సాధన చేసుకోమని అరువుకిచ్చారు. తూటాలు కావలసినన్ని ఇస్తామన్నారు. షరతులు రెండే. రైఫిలు జాగ్రత్తగా చూసుకోవాలి, ఖాళీ ఖోకాలు తిరిగి అప్పగించాలి.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మన ఫౌజులో ఖాళీ ఖోకా విలువ మనకి తెలియనిదా. నేను ఇన్‌స్ట్రక్టరుగా ఉన్నప్పుడు ఒకసారి రేంజిలో ఫైరింగ్ అయ్యాక లెక్కపెడితే ఒక్క ఖోకా తగ్గింది. రెండు వందల మందిమి మధ్యాహ్నం నుంచి చీకటిపడేదాకా గడ్డి దువ్వినట్టు వెతికాం. చివరికి అది ఒక కుర్రాడి ప్యాంటు మడతలో దొరికింది. ఆ కుర్రాడు ఆ రోజు నన్ను మనసులో ఎన్ని తిట్టుకున్నాడో. పేల్చిన ప్రతి తూటాకీ ఎక్కడో ఒకచోట జవాబు చెప్పాలని వాడికి ఆ రోజు తెలిసింది. కార్బెట్‌కి అది పదేళ్ళకే తెలిసింది.

కావలసినన్ని తూటాలు వచ్చాయి కదా అని ఆయన విచ్చలవిడిగా కాల్చలేదు. ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చే రైఫిలు కాబట్టి మొదటిది తప్పితే రెండోది పెట్టేలోపు జంతువు వెళ్ళిపోతుంది. ఆ రైఫిలుతోనే తన మొదటి చిరుతని కొట్టాడు. మొదటి దెబ్బకి అది చావలేదు. గాయంతో పొదల్లోకి పోయింది. ఆ పిల్లాడు ఒక్కడే రక్తపు మరకలు పట్టుకుని వెనకాలే వెళ్ళి పని పూర్తిచేశాడు. గాయపరిచి వదిలి ఇంటికి పోకూడదు అన్న నియమం అప్పటినుంచి చివరిదాకా ఉంది.

మా మేనల్లుడు ఇక్కడ ఆపి, రైఫిలు రెడీ చేయడం అంటే ఏం చేయాలి మామయ్యా అని అడిగాడు. మనకి తెలిసిందే చెప్పాను. ముందు ఖాళీగా ఉందో లేదో చూడాలి. ఒకసారి కాదు, రెండుసార్లు. పుల్ త్రూ వేసి, చిందీతో బ్యారెల్‌లో నూనె తుడిచెయ్యాలి. నూనె ఉన్న బ్యారెల్ నుంచి మొదటి గుండు వేరే చోటికి పోతుంది. బెడ్డింగ్ గట్టిగా ఉందా, స్క్రూలు వదులయ్యాయా, సైటు కదిలిందా చూడాలి. తర్వాత ఏ తూటాలతో వెళ్తావో అవే తూటాలతో జీరోయింగ్ చేయాలి. అయిదు రౌండ్లు ఒకేచోట పడాలి. పడకపోతే తప్పు రైఫిలుదా, పట్టుకున్నవాడిదా తేలాలి. నూటికి తొంభై పాళ్ళు మనిషిదే. తిరిగి వచ్చాక మళ్ళీ శుభ్రం చేయాలి. ఆ రోజుల నల్లమందైతే తేమ పీల్చి ఒక్కరాత్రిలో బ్యారెల్ తుప్పుపట్టేది, వేడినీళ్ళతో కడిగితేగానీ పోదు. ఇదంతా రైఫిలు సంగతి. మరి మనిషిని రెడీ చేయడం ఎలా, దానికి ఎంతకాలం పడుతుంది అని నేను వాణ్ణి అడిగాను. వాడు మాట్లాడలేదు.

కార్బెట్ చదువు స్కూలుతో ఆగిపోయింది. కుటుంబానికి డబ్బు కావాలి కాబట్టి 18 ఏళ్ళు నిండకముందే బెంగాల్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేలో చేరి, మొదట మానక్‌పూర్‌లో ఇంధనం కోసం కట్టెలు కొట్టించే పని చూశాడు. తర్వాత బీహారులో గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరుకు ఒక బండినుంచి ఇంకో బండికి మార్చే కాంట్రాక్టు తీసుకున్నాడు. అక్కడ బ్రాడ్ గేజ్, మీటర్ గేజ్ మధ్య లక్షల టన్నుల సరుకు చేతులమీద మారాలి. కూలీలతో కలిసి తానూ బుట్ట ఎత్తాడు, పార పట్టాడు. ఇరవై ఏళ్ళకి పైగా ఆ పనిలో ఉన్నాడు. ఆయన పులుల కథలు తెలిసినవారికి కూడా ఈ సంగతి తెలియదు. సెలవుల్లో మాత్రమే ఆయన వేటగాడు.

1907లో ఆయన జీవితాన్ని మార్చిన వేట జరిగింది. నేపాల్‌లో 200 మందిని చంపిన ఆడపులి ఒకటి అక్కడినుంచి తరిమితే కుమావూలోకి వచ్చింది. ఇక్కడ మరో 236 మందిని చంపింది. మొత్తం 436 మంది. ఊళ్ళకి ఊళ్ళు తలుపులు వేసుకుని కూర్చున్నాయి. కోతకొచ్చిన పంట చేలోనే ఉంది. ప్రభుత్వం బహుమతి ప్రకటించినా, వేటగాళ్ళు వచ్చినా ఫలితం లేదు. కార్బెట్ రెండు షరతుల మీద ఒప్పుకున్నాడు. బహుమతి రద్దు చేయాలి, మిగతా వేటగాళ్ళని వెనక్కి పిలవాలి. బహుమతి కోసం చంపేవాడిగా పేరు రాకూడదు, అడవిలో ఇంకెవరో తనని పొరపాటున కాల్చకూడదు. మన భాషలో చెప్పాలంటే ఫైరింగ్ ఏరియా క్లియర్ చేయించాడు.

చంపావత్ దగ్గర ఆ పులి 16, 17 ఏళ్ళ ఆడపిల్లని ఎత్తుకుపోయింది. మరునాడు తహసీల్దారు సాయంతో 298 మందిని పోగుచేసి కొండ పైనుంచి హాకా చేయించాడు. ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఆ రోజు కార్బెట్ జేబులో ఉన్నవి మూడే తూటాలు. పులికి రెండు కంటే ఎక్కువ కాల్చే అవకాశం రాదు, మూడోది అత్యవసరానికి అన్నది అప్పటి ఆయన లెక్క. చిన్నప్పటినుంచి పొదుపుగా పెరిగినవాడు కదా. పులి వచ్చింది. మూడూ కాల్చాడు. పులికి దెబ్బలు తగిలాయి, కానీ పడలేదు. ఎదురుగా నిలబడి ఉంది. చేతిలో రైఫిలు ఉంది, తూటా లేదు. అప్పుడు ఆయన పరుగెత్తి తహసీల్దారు చేతిలోని పాత తుపాకీ తీసుకుని మళ్ళీ పులి దగ్గరికి వెళ్ళాడు. ఇరవై అడుగుల దూరంలో నిలబడి పులి నోట్లోకి గురిపెట్టి కాల్చాడు. ఆ తుపాకీ ఎంత పాతదంటే బ్యారెల్‌కి వెనుకభాగానికి మధ్య సందు ఉంది. గుండు నోటికి తగలకుండా కాలి పంజాకి తగిలింది. పులి అప్పటికే చివరి ఊపిరిలో ఉంది కాబట్టి పడిపోయింది. లేకపోతే ఈ కథ ఆ రోజే ముగిసేది.

రైఫిలు రెడీ చేయడం, సరిపోయినన్ని తూటాలు తీసుకోవడం గురించి నేను ఆరేళ్ళు చెప్పిన పాఠాలన్నీ ఈ ఒక్క సంఘటనలో ఉన్నాయి. ఆయన అంతటివాడే లెక్క తప్పాడు. పరీక్షించని ఆయుధాన్ని నమ్మాల్సి వచ్చింది. ఆ తప్పుని ఆయన దాచుకోలేదు, తన పుస్తకంలో తానే వ్రాసుకున్నాడు. అందుకే నాకు ఆయన మీద గౌరవం.

అంతకంటే ముఖ్యమైనది ఆ తర్వాత కనిపించింది. చచ్చిన పులి నోరు తెరిచి చూస్తే కుడివైపు పైకోర సగం విరిగి ఉంది, కింది కోర ఎముకదాకా పోయింది. పాత తుపాకీ దెబ్బ. ఎప్పుడో ఎవరో ఒక వేటగాడు దాన్ని కాల్చాడు, గురి తప్పింది, గాయపడిన పులిని వదిలేసి ఇంటికి పోయాడు. విరిగిన కోరలతో అది తన మామూలు వేట వేటాడలేకపోయింది. మనుషుల మీద పడింది. ఆ వేటగాడి పేరు ఎవరికీ తెలియదు. తన ఒక్క తూటా ఖరీదు 436 ప్రాణాలని బహుశా అతనికి కూడా తెలిసి ఉండదు. చాలా పులులు గాయాల వల్లే నరమాంసానికి అలవాటు పడతాయని కార్బెట్ తర్వాత తన అనుభవంతో తేల్చి చెప్పాడు. ముళ్ళపంది ముళ్ళు గుచ్చుకున్నవి కొన్ని, మనిషి కాల్చి వదిలేసినవి కొన్ని.

అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూవెట్ నైనిటాల్‌లో దర్బారు పెట్టి తహసీల్దారుకి తుపాకీ, వెంట నడిచిన మనిషికి కత్తి బహూకరించాడు. కార్బెట్‌కి దక్కింది జాన్ రిగ్బీ కంపెనీ .275 రైఫిలు. మౌజర్ యాక్షన్, మన లెక్కలో 7 మి.మీ. అన్నమాట. చంపావత్ పులిని చంపినందుకు ఇచ్చినట్టు దానిమీద చిన్న రేకు బిగించారు. తేలికైనది, గురి ఖచ్చితమైనది. దట్టమైన పొదల్లో పనికి .450/400 రెండు గొట్టాల జెఫ్రీ రైఫిలు కూడా ఆయన దగ్గర ఉండేది. పనికి తగ్గ ఆయుధం ఎంచుకోవడం కూడా రెడీ చేయడంలో భాగమే. 1930 ఏప్రిల్ 11న చౌగఢ్ నరభక్షకిని ఎదుర్కొన్నప్పుడు ఎడమచేతిలో దారిలో దొరికిన పిట్టగుడ్లు ఉన్నాయి. ఎనిమిది అడుగుల దూరంలో పులి. కుడిచేత్తో ఒక్కచేత్తోనే రైఫిలుని నెమ్మదిగా తిప్పి కాల్చాడు. బరువు రైఫిలు అయితే అది సాధ్యం కాదు. గుడ్లు కూడా పగలలేదు, వాటిని తిరిగి గూటిలో పెట్టి వచ్చాడు.

రుద్రప్రయాగ చిరుత సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. కేదారనాథ్, బదరీనాథ్ యాత్రికుల దారిలో 1918 నుంచి 1926 దాకా 125 మందిని చంపింది. దానికోసం 1925లో వారాల తరబడి, మళ్ళీ 1926లో రాత్రుళ్ళు చెట్లమీద, వంతెన మీద కాపలా కాశాడు. చివరికి 1926 మే నెలలో గోలాబ్‌రాయ్ దగ్గర మామిడిచెట్టు మీదనుంచి చీకట్లో పనికొచ్చిన తూటా ఒక్కటే. అన్ని నెలల కాపలా ఆ ఒక్కదాని కోసం. మనలో అంబుష్‌లో కూర్చున్నవాళ్ళకి ఆ లెక్క వేరే చెప్పక్కరలేదు.

ఫౌజు సంగతికి వద్దాం. 1914లో యుద్ధం మొదలైనప్పుడు సైన్యంలో చేరతానంటే వయసు ఎక్కువైందని తీసుకోలేదు. 1917లో అవసరం పడ్డప్పుడు కుమావూలో 500 మందిని తానే పోగుచేసి, కెప్టెన్‌గా లేబర్ కంపెనీతో ఫ్రాన్సుకి తీసుకెళ్ళాడు. ఎన్నడూ సముద్రం చూడని కొండవాళ్ళు. 500 మందిలో ఒక్కరు తప్ప అందరినీ తిరిగి ఇంటికి తెచ్చాడు. కంపెనీ నడిపినవాళ్ళకి ఇది పులులన్నిటికంటే పెద్ద విజయమని నా అభిప్రాయం. మేజరు అయ్యాడు. 1919లో మూడో ఆఫ్ఘన్ యుద్ధంలో సరిహద్దులో పనిచేశాడు. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి 64 ఏళ్ళు. జిల్లా సైనిక బోర్డులో పనిచేస్తూ మళ్ళీ 1400 మందిని భర్తీ చేయించాడు. జబ్బుపడి మంచానపడితే ఇక నడవలేడన్నారు. నడిచాడు. 1944లో లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చి ఛింద్వాడాలో బర్మాకి వెళ్ళే సైనికులకు అడవిలో ఎలా బ్రతకాలో నేర్పే పని అప్పగించారు. ఏ మొక్క తినాలి, ఏ పక్షి అరుపుకి అర్థం ఏమిటి, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి. చెప్పులు లేకుండా నేర్చుకున్నదంతా జవాన్లకు పనికొచ్చింది.

అదే ఏడాది కుమావూ నరభక్షకుల మీద ఆయన పుస్తకం వచ్చింది, ప్రపంచమంతా అమ్ముడుపోయింది. దాని మొదటి ముద్రణ రాబడిని యుద్ధంలో కళ్ళు పోయిన మన భారతీయ సైనికుల కోసం నడిచే సెయింట్ డన్‌స్టన్స్ సంస్థకి ఇచ్చేశాడు. ఈ ఒక్క సంగతికైనా మన సంచికలో ఆయనకి చోటు ఉండాలి.

ఆయనలో లోపాలు లేవని నేను అనను. నరభక్షకుల్ని మాత్రమే చంపాడని కొందరు వ్రాస్తారు, అది నిజం కాదు. 1930లో పొవల్‌గఢ్ దగ్గర ఎవరికీ హాని చేయని పెద్ద మగపులిని పేరుకోసం, కొలతకోసం కొట్టాడు. వైస్రాయిలకు, దొరలకు వేటలు ఏర్పాటుచేశాడు. ఆయన కాలం అలాంటిది, పాలకుల పక్షంలో పుట్టినవాడు. కానీ మనిషి మారాడు. రైఫిలు పక్కనపెట్టి సినిమా కెమెరా పట్టుకున్నాడు. నెలల తరబడి వాగు పక్కన కూర్చుని ఏడు పులుల్ని ఫిల్ము మీదకి ఎక్కించాడు. స్కూళ్ళకి వెళ్ళి పిల్లలకి అడవి గురించి చెప్పాడు. 1936లో మన దేశంలో మొదటి జాతీయ పార్కు, హేలీ నేషనల్ పార్కు, ఏర్పడటానికి సాయపడ్డాడు. ఆయన పోయిన తర్వాత దానికే ఆయన పేరు పెట్టారు. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది కూడా అక్కడినుంచే.

1947 నవంబరులో అక్క మ్యాగీతో కలిసి కెన్యా వెళ్ళిపోయాడు. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఛోటీ హల్ద్వానీ అని తాను 1915లో కొని బాగుచేసిన ఊరి భూమిని దున్నుకునే రైతులకే వదిలి వెళ్ళాడు. కెన్యాలో న్యెరీ అనే ఊళ్ళో, ఒకప్పుడు స్కౌట్స్ స్థాపకుడు బేడెన్ పావెల్ ఉన్న చిన్న ఇంట్లో ఉన్నాడు. 1952 ఫిబ్రవరిలో ఎలిజబెత్ యువరాణి చెట్టుమీది విడిదిలో రాత్రి గడిపినప్పుడు కాపలాగా వెంట ఉన్నది ఆయనే. తెల్లారేసరికి తండ్రి పోయి ఆమె రాణి అయింది. 1955 ఏప్రిల్ 19న గుండెపోటుతో కార్బెట్ కన్నుమూశాడు. న్యెరీలోనే సమాధి చేశారు. ఆ రిగ్బీ రైఫిలుని తయారుచేసిన కంపెనీయే 2015లో తిరిగి సంపాదించి, 2016లో మన దేశానికి తెచ్చి చూపించింది.

మా యూనిట్ హల్ద్వానీ దగ్గర ఉన్నప్పుడు ఒక ఆదివారం కాలాఢుంగి వెళ్ళి ఆయన ఇల్లు చూశాను. ఇప్పుడది మ్యూజియం. చిన్న ఇల్లు, చుట్టూ మామిడిచెట్లు. అంత పేరున్న మనిషి ఇంట్లో అంత తక్కువ సామాను ఉండటం నాకు బాగా గుర్తుండిపోయింది.

ఇదంతా విన్నాక మా మేనల్లుడికి ఇంకొక విషయం చెప్పాను. అది ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. నాకు పదేళ్ళప్పుడు మా చేని బావి దగ్గర చుక్కల దుప్పి ఒకటి పడి ఉంది. రెండు రోజుల ముందు అడవిలో ఎవరో నాటు తుపాకీతో కాల్చారట. వెనకకాలు తొడ దగ్గర విరిగి, పుండులో పురుగులు పట్టి, నీళ్ళకోసం అక్కడిదాకా ఈడ్చుకుంటూ వచ్చింది. ఇంకా బ్రతికే ఉంది. నేను చేతులతో నీళ్ళు పట్టాను. తాగలేకపోయింది. సాయంత్రానికి పోయింది. తర్వాత ఎన్నో ఆయుధాలు పట్టుకున్నాను, ఎంతోమందికి నేర్పాను. ట్రిగ్గరు మీద వేలు పెట్టే ప్రతి కుర్రాణ్ణీ చూసినప్పుడు ఆ కళ్ళే గుర్తొచ్చేవి. రాత్రిపూట, ఊగే జీపులోనుంచి, లైటు వేసి, తుపాకీ ఎన్నడూ పట్టనివాడు, 12 బోర్‌తో దూరం తెలియకుండా కాలిస్తే దుప్పి అక్కడికక్కడ చావదు. రవ్వలు విచ్చుకుపోయి అలా గాయంతోనే పోతుంది.

చట్టం సంగతి సరేసరి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పిని వేటాడితే జైలు. లైసెన్సు పోతుంది, నా పేరుమీద ఉన్న ప్రతి తూటాకీ నేను లెక్కచెప్పాలి. కానీ నేను వాడికి చట్టం చూపించి భయపెట్టదలచుకోలేదు. భయంతో మానినవాడు భయం పోయినరోజు మళ్ళీ వెళ్తాడు.

చివరగా అడిగాను, ఇప్పుడు చెప్పరా, మొదటిసారి వెళ్ళేవాడికి ఎన్ని తూటాలు సరిపోతాయి అని. వాడు చాలాసేపు కూర్చుని, అక్కర్లేదు మామయ్యా అన్నాడు. స్నేహితులకి ఫోను చేసి రానని చెప్పాడు. వాళ్ళు వెళ్ళారో లేదో నాకు తెలియదు. పోయిన నెలలో మా వాడు కెమెరా కొనుక్కున్నాడు, అప్పు నన్నే అడిగాడు. ఇచ్చాను.

సోదరులారా, మనలో చాలామంది ఇళ్ళల్లో లైసెన్సు తుపాకీ ఉంది. ఊళ్ళో కుర్రాళ్ళు మన దగ్గరికే వస్తారు, ఎందుకంటే మనం ఫౌజువాళ్ళం, మనకి ఆయుధం తెలుసని వాళ్ళ నమ్మకం. శుభ్రం చేయడం, గురిపెట్టడం ఎవరైనా వారంలో నేర్పగలరు. ఎప్పుడు పేల్చకూడదో నేర్పాల్సింది మనమే. తుపాకీ అడిగిన కుర్రాణ్ణి తిట్టి పంపకండి. కూర్చోబెట్టి, విరిగిన కోరల పులి కథ ఒకసారి చెప్పండి.

జై హింద్.